సెయింట్ లూయిస్ షావుకార్ల పద్దులు: అపోహలు - వాస్తవాలు

పాత వ్యాపారుల పద్దు పుస్తకాలు చదివి కేటలాగ్ చేయడం నా ఉద్యోగం. అమెరికా సరిహద్దు ఊళ్ల షావుకార్ల గురించి అడిగేవాళ్లలో చాలామంది బుర్రలో సినిమా బొమ్మే ఉంటుంది.

అపోహ: గల్లాపెట్టె నిండా వెండి నాణేలు.

వాస్తవం: ఫ్రెంచి తోళ్ల వర్తకుడు పియర్ లాక్లీడ్ 1764లో మిసిసిపీ నది ఒడ్డున సెయింట్ లూయిస్‌కి పునాది వేసినప్పటి నుంచీ అక్కడ నాణేలకు కరువే. జింక తోలే డబ్బు. ఇల్లు అమ్మినా ధర తోళ్లలో రాసుకునేవారు. ఆ డబ్బుకు పురుగు పడుతుంది! ఎండలు ముదిరితే మూటలు విప్పి, ఒక్కో తోలూ కొట్టి దులిపి, గాలికి ఆరేసి మళ్లీ కట్టాలి. బ్యాంకు బ్యాలెన్స్‌ని కర్రతో దులుపుకునే టెన్షన్ మనకు లేదు.

అపోహ: నాలుగు పూసలిచ్చి తోళ్లు కొట్టేసేవారు.

వాస్తవం: మోసాలు జరగలేదని నేననను. కానీ తోళ్లు తెచ్చే అక్కడి మూలవాసులు, ఒసేజ్ తెగవాళ్లు, గట్టి బేరగాళ్లు. వాళ్లకు కావలసింది ఉన్ని దుప్పట్లు, తుపాకులు, తుపాకి మందు, ఇత్తడి గిన్నెలు. సరుకు నాసిగా ఉంటే బ్రిటిష్ వర్తకుల వైపు తిరిగేవారు.

అపోహ: షావుకారంటే డబ్బున్నవాడు.

వాస్తవం: బాకీలున్నవాడు. వేటకు వెళ్లేముందు సరుకు అరువు, వసంతంలో తోళ్లు జమ. ఆ ఏడాది వేట సరిగా సాగకపోతే పద్దు అలాగే ఉండిపోతుంది. సరుకు పంపిన న్యూ ఆర్లియన్స్ వాళ్లు మాత్రం ఊరుకోరుగా. లాక్లీడ్ 1778లో పోయేనాటికి అక్కడి పాత భాగస్వామి మాక్సెంట్‌కి బాకీపడే ఉన్నాడు.

అపోహ: అడవిలో సర్కారు గొడవ ఉండదు.

వాస్తవం: లైసెన్సు లేనిదే అడుగు పడదు. అప్పట్లో అక్కడ స్పెయిన్ పాలన. 1794లో స్పెయిన్ గవర్నరు కారొండలేతో సెయింట్ లూయిస్ వర్తకుడు ఒగుస్త్ షూటో ఒప్పందం చేసుకున్నాడు: ఒసేజ్ ప్రాంతంలో కోట కట్టాలి, బదులుగా ఆరేళ్లు ఒసేజ్ వ్యాపారమంతా షూటో కుటుంబానిదే. కోట కాపలా ఖర్చుకు ఏటా 2,000 డాలర్లు కూడా వచ్చేవి. కోటకు గవర్నరు పేరే పెట్టారు (మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేని పద్ధతి). 1802లో ఆ హక్కు పోటీ వర్తకుడు మాన్యుయెల్ లీసా బృందం చేతికి పోయింది. షూటో తమ్ముడు పియర్ తగువుకు కూర్చోలేదు. తనను నమ్మిన ఒసేజ్ వాళ్లలో ఒక పెద్ద వర్గాన్ని ఆర్కాన్సా నది వైపు తరలి వెళ్లేలా ఒప్పించాడు. లీసా లైసెన్సు అక్కడ చెల్లదు.