ఛాంపియన్ హిల్: ఒక చిన్న క్లబ్బు, దాని నేల

2018 మార్చిలో దక్షిణ లండన్‌లోని డలిచ్ హామ్లెట్ ఫుట్‌బాల్ క్లబ్బును ఛాంపియన్ హిల్ మైదానంలోంచి బయటికి పంపేశారు. అద్దె బాకీ అని పైకి చెప్పారు. కానీ అసలు తగాదా నేల దగ్గర ఉంది, దాని మూలాలు చాలా వెనక్కి వెళ్తాయి.

ఇంగ్లండ్‌లో పై నాలుగు డివిజన్లలోని 92 జట్లను వదిలేస్తే మిగతావన్నీ నాన్-లీగ్ క్లబ్బులే. డలిచ్ హామ్లెట్ అందులో ఒకటి. 1893లో లోరెయిన్ విల్సన్ దీన్ని మొదలుపెట్టాడు. అందరూ ఆయన్ని 'పా' అనేవారు. డబ్బు తీసుకోకుండా ఆడే అమెచ్యూర్ ఫుట్‌బాల్‌కు అది మంచి కాలం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్.ఎ.) అలాంటి జట్ల కోసం నడిపిన అమెచ్యూర్ కప్పును ఈ జట్టు 1920, 1932, 1934, 1937లలో నాలుగుసార్లు గెలిచింది. 1933లో ఇదే మైదానంలో వేరే రెండు జట్ల మధ్య జరిగిన కప్పు ఫైనల్‌కు 20,744 మంది వచ్చారు. 1948 ఒలింపిక్స్‌లో దక్షిణ కొరియా, మెక్సికో తలపడింది కూడా ఇక్కడే.

ఆ రోజుల హీరో ఎడ్గర్ కెయిల్. 1929లో ఇంగ్లండ్ తరఫున మూడు మ్యాచ్‌లు ఆడి, ఫ్రాన్స్‌పై తొలి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు. అయినా చివరిదాకా అమెచ్యూర్‌గానే, హామ్లెట్‌తోనే ఉండిపోయాడు. ఇవాళ స్టేడియానికి వెళ్లే దారి పేరు ఎడ్గర్ కెయిల్ వే. అభిమానులు ఇప్పటికీ ఆయన పేరుతో పాట పాడతారు.

1990ల మొదట్లో పాత స్టేడియాన్ని కూల్చేశారు. ఆ స్థలంలో కొంత భాగం సెయిన్స్‌బరీ సూపర్‌మార్కెట్‌కు పోయింది. పక్కన సుమారు 3,000 మంది పట్టే చిన్న మైదానం వచ్చింది. నా ఉద్దేశంలో అసలు మలుపు అదే. మైదానమంటే అమ్ముకోదగ్గ స్థలం అన్న లెక్క అక్కడే మొదలైంది. లండన్‌లో ఇళ్ల స్థలం ధర ముందు నాన్-లీగ్ టికెట్ల డబ్బు ఏ మూలకు?

2014లో మెడో రెసిడెన్షియల్ అనే సంస్థ చేతికి ఈ నేల వచ్చింది. ఇళ్లు కట్టాలన్న దాని ప్రణాళిక స్థానిక కౌన్సిల్‌తో కుదరలేదు. మాటలు చెడ్డాయి, గేటుకు తాళం పడింది. అంతకంటే బాధ పెట్టింది లాయర్ల ఉత్తరం. 'డలిచ్ హామ్లెట్ ఫుట్‌బాల్ క్లబ్', 'ది హామ్లెట్', చివరికి 'డి.హెచ్.ఎఫ్.సి.' అన్న పొడి అక్షరాలు కూడా ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ అయ్యాయనీ, వెబ్‌సైట్‌లో, ట్విటర్‌లో సైతం క్లబ్బు వాటిని వాడకూడదనీ అందులో ఉంది. నూట పాతికేళ్లుగా ఊరు పిలుచుకుంటున్న పేరు అది! గొడవ పార్లమెంటు దాకా వెళ్లింది. పేరు విషయంలో సంస్థ వెనక్కి తగ్గింది.

జట్టు మాత్రం ఆగలేదు. ప్రత్యర్థి క్లబ్బు టూటింగ్ అండ్ మిచమ్ తన మైదానం ఇచ్చి ఆదుకుంది. ఆ టెన్షన్‌లోనే, పై డివిజన్‌కు ఎవరు వెళ్లాలో తేల్చే ప్లేఆఫ్ ఫైనల్‌లో హెండన్ జట్టును పెనాల్టీలలో ఓడించి నేషనల్ లీగ్ సౌత్ అనే ఆ డివిజన్‌కు ఎక్కారు. ఒప్పందం కుదిరి 2018 డిసెంబర్‌లో తిరిగి ఛాంపియన్ హిల్‌కు వచ్చారు. 2023లో మళ్లీ కింది డివిజన్‌కు దిగారు.

నేల తగాదా మాత్రం అలాగే సాగింది. పాత మైదానంలో ఇళ్లు కట్టి, పక్కనున్న గ్రీన్ డేల్‌లో కొత్త స్టేడియం ఇవ్వాలన్నది తర్వాతి ప్రతిపాదన. గ్రీన్ డేల్ చట్టరక్షణ ఉన్న ఖాళీ జాగా కాబట్టి, ఈసారి అభ్యంతరం చెప్పినవాళ్లలో చుట్టుపక్కల జనమూ ఉన్నారు.