థిన్నర్‌కు లొంగని రంగు

పాత ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ మీద థిన్నర్ గుడ్డతో రుద్దితే రంగు కరిగి గుడ్డకు అంటుకుంటుంది. పౌడర్ కోటింగ్ వేసిన బైక్ ఫ్రేమ్ మీద అదే గుడ్డతో ఎంతసేపు రుద్దినా మెరుపు కాస్త తగ్గుతుందేమో గానీ రంగు మాత్రం కదలదు. హన్మకొండ, కాజీపేటల్లో పాత బండ్లను మళ్లీ కొత్తగా చేయించుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు ఇదే.

కారణం ఆ రంగు పుట్టుకలోనే ఉంది. పౌడర్ కోటింగ్‌లో ఆరిపోవాల్సిన ద్రవం ఏదీ ఉండదు. పాలిస్టర్ లేదా ఎపాక్సీ రెజిన్, రంగు, గట్టిపరిచే రసాయనం కలిసిన మెత్తటి పొడి అది. రేణువులు చాలావరకు 30 నుంచి 50 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటాయి. 60 నుంచి 100 కిలోవోల్టుల స్ప్రే గన్ వాటికి విద్యుదావేశం ఇస్తే, ఎర్త్ చేసిన లోహానికి వెళ్లి అతుక్కుంటాయి. తర్వాత ఓవెన్‌లో 180–200 డిగ్రీల దగ్గర పది ఇరవై నిమిషాలు ఉంచితే పొడి కరిగి పరుచుకుంటుంది, అణువుల గొలుసులు ఒకదానికొకటి ముడిపడిపోతాయి. పచ్చి ఇటుకను నీళ్లలో వేస్తే మట్టి అవుతుంది. పెద్దపల్లి బట్టీలో కాలిన ఇటుకను ఎన్నాళ్లు నానబెట్టినా కరగదు. ఇదీ అంతే. ముడిపడిన గొలుసులను థిన్నర్ విప్పలేదు, మళ్లీ వేడి చేసినా ఆ రంగు కరగదు, మాడుతుంది.

అందుకే పాత కోటింగ్ తీయించేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ మందు వాడాలన్నది కాదు, లోపల ఉన్న లోహం ఏదన్నది. మామూలు ఇనుప గ్రిల్లు, గేటు అయితే 370–430 డిగ్రీల బర్న్-ఆఫ్ ఓవెన్‌లో రంగును బూడిద చేయవచ్చు. అదే వేడి అల్యూమినియం అలాయ్ వీల్‌కు ముప్పు. వేడి చేసి చల్లార్చే ప్రక్రియతోనే ఆ మిశ్రమానికి బలం వస్తుంది, 400 డిగ్రీలకు తీసుకెళ్తే ఆ బలం పోతుంది. చక్రం చూడ్డానికి బాగానే ఉంటుంది, గుంతల రోడ్డు మీద మాత్రం నమ్మడానికి లేదు. గ్యాస్ బర్నర్‌తో అలాయ్ వీల్ రంగు కాల్చే షాపుకు బండి ఇవ్వొద్దని గట్టిగా చెబుతాను. మరిగే కాస్టిక్ సోడా కూడా అల్యూమినియంను తినేస్తుంది. పెట్రోల్ ట్యాంకును అసలు మంట దగ్గరికే తేకూడదు, ఖాళీగా కనిపించే ట్యాంకులోనూ ఆవిరి ఉంటుంది.

ఇక పెయింట్ రిమూవర్. ఘాటైన రిమూవర్లలో ప్రధానంగా ఉండేది డైక్లోరోమీథేన్. దాని చిన్న అణువులు రంగు పొరలోకి దూరి దాన్ని ఉబ్బిస్తాయి. చూస్తుండగానే పొర అక్కడక్కడా బుడగలు లేచి, ముడతలు పడి, లోహాన్ని వదిలేస్తుంది. పుట్టీ బ్లేడుతో గీకితే పెచ్చులుగా వస్తుంది. రంగు కరగలేదు, పట్టు మాత్రమే వదిలింది. అయితే ఈ ద్రవం దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో వరంగల్ ఎండ అంతకు మించే ఉంటుంది! షెడ్డులో వేడెక్కిన డబ్బా మూత తీస్తే మందు మొహం మీదికి చిమ్మవచ్చు. గాలికన్నా బరువైన దాని ఆవిరి నేల మీదే నిలుస్తుంది, ఊపిరితో లోపలికి వెళ్లి శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఇది కలిసిన రిమూవర్లను ఇళ్లలో వాడుకోవడానికి అమ్మకుండా అమెరికా 2019లో నిషేధించింది. బెంజైల్ ఆల్కహాల్ రకాలు నెమ్మదిగా పనిచేస్తాయి. ఆలస్యమైనా నేను వాటివైపే మొగ్గుతాను, వాటికీ గ్లవ్స్, ధారాళమైన గాలి తప్పవు.

బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో గరుకు రేణువులు కొట్టి రంగు లేపడం, చేయిస్తే ఇసుక వద్దనండి. నలిగిన ఇసుకలోని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, ఆ జబ్బు నయం కాదు. బ్రిటన్ 1949లోనే ఇసుక బ్లాస్టింగ్‌ను ఆపేసింది. దాని బదులు గార్నెట్ అనే ఖనిజం పొడి, అల్యూమినియం ఆక్సైడ్ దొరుకుతాయి. ఖర్చు కొంచెం ఎక్కువే, గన్ పట్టుకునే మనిషి ఊపిరి కన్నా ఎక్కువ కాదు.

రంగు పోయిన ఇనుము ముసురు రోజుల్లో కొన్ని గంటల్లోనే తుప్పు పడుతుంది, చేతి చెమట తగిలినా చాలు. జిడ్డు కడిగి, ఫాస్ఫేటింగ్ (రంగు పట్టు నిలిచేలా లోహం మీద పలచటి ఫాస్ఫేట్ పొర ఎక్కించడం) చేసి, బాగా ఆరబెట్టి, అదే రోజు పొడి కొట్టాలి. బోల్టు మరలకు, బేరింగ్ కూర్చునే చోట్లకు వేడిని తట్టుకునే టేపు వేయాలి. పోత పోసిన భాగాల రంధ్రాల్లో గాలి ఇరుక్కుంటుంది కాబట్టి వాటిని ముందే ఒకసారి వేడిచేయాలి, లేదంటే కొత్త రంగు నిండా సూది బెజ్జాలే. పాత పొర మీదే పొడి కొడితే అది విద్యుత్తును అడ్డుకుంటుంది, ఆవేశం పేరుకుపోయి ఉపరితలం గరుకుగా తేలుతుంది. పొడి డబ్బాలను రేకుల షెడ్డులో ఉంచినా ఎండాకాలం గడ్డలు కడతాయి, 30 డిగ్రీల లోపే నిల్వ చేయాలి.

చివరగా ఓవెన్. 200 డిగ్రీలంటే లోపలి గాలి వేడి కాదు, లోహం చేరాల్సిన వేడి. నిమిషాల లెక్క అప్పటి నుంచే మొదలవుతుంది. పలచటి మడ్‌గార్డ్, మందపాటి స్టాండు ఒకేసారి పెడితే మడ్‌గార్డ్ ముందే ఆ వేడిని అందుకుంటుంది. రెండూ కలిపి బయటికి తీస్తే స్టాండు రంగు మెరుస్తూనే ఉంటుంది గానీ లోపల సగమే గట్టిపడి ఉంటుంది, మొదటి రాయి తగలగానే పెచ్చు లేస్తుంది.