పొట్టలో నీరు పడితే లివరేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: పొట్టలో నీరు పట్టిందంటే లివర్ పోయినట్టే.

కోనసీమ నుంచి భీమవరం దాకా ఇదే మాట. మందు వాసన కూడా తెలియని ఆడమనిషిని సైతం లివర్ పేషెంటుగా ఖాయం చేసేసి, నెలల తరబడి నీటి బిళ్లలు (మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు) మింగిస్తారు, మధ్యలో పసరు పోయిస్తారు. మనుషుల్ని తీసుకుపోతున్న అపోహ ఇదే.

వాస్తవం: ఎక్కువ కేసులు లివర్‌వే, కాదనను. కానీ టీబీ, అండాశయ క్యాన్సర్, అరుదుగా పెరిటోనియం అనే, పొట్ట లోపలి గోడనూ పేగుల్నీ కప్పే పొరలోనే పుట్టే క్యాన్సర్లు కూడా అచ్చం ఇలాగే ఉబ్బిస్తాయి. చాలావరకు తేల్చిచెప్పేది మొదటిసారి తీసిన నీరే. దాన్ని పారబోయనివ్వకండి. నీటిలో అల్బుమిన్ అనే ప్రోటీన్ చూసిన రోజే రక్తంలోనూ చూడాలి. డెసిలీటరుకు రక్తంలో 3.6 గ్రాములు, నీటిలో 2.9 ఉందనుకోండి, తేడా 0.7. తేడా 1.1 గానీ అంతకు మించి గానీ ఉంటే లివర్, గుండె వైపు చూస్తాం. తగ్గితే పొరను అనుమానిస్తాం. అలాంటి నీటికి నీటి బిళ్లలు పెద్దగా పనిచేయవు.

క్యాన్సర్ కణాల పరీక్షకు కనీసం 50 మి.లీ. పంపాలి, 100 అయితే ఇంకా మంచిది. 5 మి.లీ. సిరంజితో పంపి "ఏమీ లేదు" అనిపించుకుంటే ఏం లాభం? కాకినాడ ల్యాబుకు చేరడం ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. ఎండలో బస్సెక్కిస్తే కణాలు పాడైపోతాయి. నెగెటివ్ వచ్చినా అనుమానం పోకపోతే మళ్లీ పంపాలి. అప్పటికీ తేలకపోతే లాపరోస్కోపీతో (చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి) పొర ముక్క తీసి పరీక్షించాలి. ఏడీఏ (టీబీ అనుమానంతో నీటిలో చూసే ఎంజైము) పెరిగిందని ఆరు నెలల టీబీ కోర్సు కళ్లు మూసుకుని మొదలెట్టకూడదు, కొన్ని క్యాన్సర్లలోనూ అది పెరుగుతుంది.

ఇంకొకటుంది, సూడోమిక్సోమా, అంటే పొట్ట నిండా జిగురు పేరుకునే అరుదైన జబ్బు. ఎక్కువగా అపెండిక్స్‌లో మొదలవుతుంది. సూది గుచ్చితే నీరు రాదు, వచ్చినా సగ్గుబియ్యం గంజిలా జిగురుగా వస్తుంది. దీనికి మాటిమాటికీ నీరు లాగడం వైద్యం కాదు. వీలైనంత వరకు జిగురునూ గడ్డల్నీ పూర్తిగా తీసేసి పొట్టలోనే వేడి కీమో ఇచ్చే హైపెక్ సర్జరీ ఉంది. మొదటి ఆపరేషనే అది తరచూ చేసే సెంటర్లో జరగాలి. సగం సగం తీస్తే రెండోసారి చేయడం చాలా కష్టం.

అపోహ: సూది గుచ్చితే క్యాన్సర్ పాకేస్తుంది. భయం సహజమే, కానీ సూది దారిలో గడ్డ రావడం అరుదు. పరీక్ష మానేస్తే జరిగే నష్టమే పెద్దది.

అపోహ: సీఏ-125 (అండాశయ క్యాన్సర్ అనుమానంతో చేసే రక్తపరీక్ష) పెరిగితే క్యాన్సరే. టీబీలోనూ, లివర్ నీటిలోనూ పెరుగుతుంది. ఆ ఒక్క కాగితం పట్టుకుని ఇంటిల్లిపాదీ ఏడవొద్దు.

అపోహ: పథ్యం ఉంటే నీరు లాగేస్తుంది. క్యాన్సర్ నీరు పథ్యానికి తగ్గదు, మనిషే చిక్కిపోతాడు. గుడ్డు, చేప, పప్పు కొంచెం కొంచెంగా రోజుకి ఐదారుసార్లు పెట్టండి.