కోటా నిండిన బ్లాకు: సింగపూర్‌లో ఇల్లు కొనడం వెనుక కథ

ఫ్లాట్ నచ్చింది. ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్ నడిచేంత దూరం, కింద మార్కెట్లో కరివేపాకు దొరుకుతుంది, రేటు కూడా బేరానికి వచ్చింది. ఇక కొనుగోలు ఒప్పందానికి తొలి మెట్టైన ఆప్షన్ తీసుకుందాం అనుకునేసరికి ఏజెంట్ ఫోన్ చేస్తాడు: ఈ బ్లాకులో ఇండియన్ కోటా నిండిపోయింది, ఓనర్ చైనీస్, మీకు అమ్మడం కుదరదు. సింగపూర్‌లో రీసేల్ ఫ్లాట్, అంటే ప్రభుత్వం కట్టిన ఫ్లాట్‌ను పాత ఓనర్ దగ్గర కొనడం, దానికోసం తిరిగిన మనవాళ్లకు ఈ ఫోన్‌కాల్ కొత్త కాదు. ఇలాంటి ప్రతి బ్లాకులో, అంటే ఒక్కో భవనంలో, ఏ జాతివాళ్లు ఎంత శాతం ఉండొచ్చో అక్కడ రూలు ఉంది. చేతిలో డబ్బుంది, లోను ఖాయమైంది, అయినా పుట్టుక అడ్డొచ్చింది. వినగానే వివక్ష అనిపిస్తుంది. ఆ మాట అనేముందు ఈ రూలు ఎలా పుట్టిందో చూడాలి.

జాతిని బట్టి ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించడం సింగపూర్‌కు పాత అలవాటే. 1822లో బ్రిటిష్ అధికారి రాఫెల్స్ ఆదేశంతో తయారైన పట్టణ ప్రణాళికలో చైనీయులకు ఒక పేట, మలయ్, అరబ్బు ముస్లింలకు కాంపాంగ్ గ్లామ్, దక్షిణ భారతీయులకు చూలియా కాంపాంగ్ అని గీతలు గీశారు. ఇవాళ లిటిల్ ఇండియా అని పిలిచే సెరంగూన్ రోడ్డు ఆ ప్రణాళికలో లేదు. పశువుల వ్యాపారం చుట్టూ తర్వాత పెరిగిన పేట అది. బఫెలో రోడ్ అనే పేరు ఇప్పటికీ అక్కడ ఉంది.

1950ల చివరికి ఆ పేటలు, వాటి చుట్టూ గుడిసెలు కిక్కిరిసిపోయాయి. 1960 ఫిబ్రవరిలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హౌసింగ్ అండ్ డెవలప్‌మెంట్ బోర్డు, అంటే హెచ్‌డీబీ, మొదలైంది. మరుసటి ఏడాది మే 25న బుకిత్ హో స్వీ గుడిసెల్లో మంటలు లేచి దాదాపు 16,000 మంది రోడ్డున పడ్డారు. ఏడాది తిరిగేలోపు అక్కడే ఫ్లాట్లు లేచాయి. మొదటి ఐదేళ్లలో హెచ్‌డీబీ కట్టినవి 50,000కు పైగా.

1964 ఈ కథలో పెద్ద మలుపు. ఆ ఏడాదే ఫ్లాట్లను అద్దెకు బదులు అమ్మే పథకం వచ్చింది. అదే ఏడాది జులైలో, మళ్లీ సెప్టెంబర్‌లో చైనీయులకు, మలయ్‌లకు మధ్య అల్లర్లు చెలరేగి 36 మంది చనిపోయారు. ఆ భయం పాలకుల మనసులోంచి ఎన్నడూ పోలేదు. ఒకే మతం, ఒకే జాతి ఉన్న పేట రేపు ఒక శిబిరం అవుతుందని వాళ్లు గట్టిగా నమ్మారు. 1968లో సీపీఎఫ్ డబ్బును, మన పీఎఫ్ లాంటిదే, ఇంటికి వాడుకోనిచ్చాక కొనుగోళ్లు జోరందుకున్నాయి.

అయితే 1971లో ఫ్లాట్లను తిరిగి అమ్ముకోనిచ్చారు. దాంతో జనం మెల్లగా తమవాళ్ల దగ్గరికి చేరడం మొదలైంది. ఇందులో తప్పేముంది? అమ్మానాన్న ఉన్న చోటు, మసీదు ఉన్న చోటు, తమ భాష వినిపించే చోటు ఎవరికైనా ఇష్టమే. కానీ 1980ల చివరికి బెడోక్, తంపినీస్‌లలో మలయ్‌లు 30 శాతం దాటారు, హౌగాంగ్‌లో చైనీయులు 90 శాతం దాటారు. అప్పటి జాతీయాభివృద్ధి మంత్రి ఎస్. ధనబాలన్. ఆయన హయాంలో, 1989 మార్చి 1 నుంచి ప్రతి బ్లాకుకూ, ప్రతి పేటకూ జాతుల వారీగా పరిమితి పెట్టారు.

లెక్క ఇది. ఒక బ్లాకులో చైనీస్ కుటుంబాలు 87 శాతం, మలయ్‌లు 25 శాతం దాటకూడదు. మనం వచ్చేది 'ఇండియన్, ఇతరులు' గడిలోకి. తమిళులు, పంజాబీలు, సింధీలు, యూరేషియన్లు అందరూ మనతో పాటు అందులోనే. దీనికి మొదట 13 శాతం ఉండేది, 2010లో 15 చేశారు. పరిమితి నిండాక ఆ జాతివాళ్లు తమ జాతి ఓనర్ దగ్గరే కొనాలి.

కొనేవాడి కష్టం నిజానికి చిన్నది. పక్క బ్లాకు చూసుకుంటాడు. అసలు దెబ్బ అమ్ముకునేవాడికి. చైనీస్ కోటా నిండిన బ్లాకులో ఒక భారతీయ కుటుంబం ఇల్లు అమ్మాలనుకుందాం. చైనీస్ కొనుగోలుదారుకు అమ్మితే వాళ్ల లెక్క పెరుగుతుంది కాబట్టి కుదరదు. 2020 జనాభా లెక్కల ప్రకారం చైనీయులు 74.3 శాతం. అంటే నలుగురిలో ముగ్గురికి ఆ తలుపు మూసుకున్నట్టే. మిగిలిన కొద్దిమందిలో కొనేవాడు దొరికేదాకా రేటు తగ్గించుకుంటూ పోవాలి. అదే అంతస్తులో ఉన్న చైనీస్ పొరుగింటాయనకు ఆ బెంగ లేదు. రూలు అందరికీ ఒకటే, ఖర్చు మాత్రం తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల మీదే ఎక్కువ పడుతోంది. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

2021లో ఇదే పార్లమెంటులో చర్చకు వచ్చింది. ప్రతిపక్ష వర్కర్స్ పార్టీ ఈ విధానం ఒకనాటికి పోవాలంది, ప్రభుత్వం ఇంకా అవసరమే అంది. 2022లో ఒక సర్దుబాటు వచ్చింది: కోటా వల్ల అమ్ముకోలేక నిజంగా ఇరుక్కున్న ఓనర్ల ఫ్లాట్‌ను, కొన్ని షరతులతో హెచ్‌డీబీయే తిరిగి కొంటుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆలస్యం, అయినా ఇబ్బంది ఉందని ఒప్పుకోవడమే పెద్ద విషయం.

ఇంత తిట్టుకున్నా, ఆ బ్లాకుల కింద వాయిడ్ డెక్‌లో, అంటే అందరూ వాడుకునే ఖాళీ కింది అంతస్తులో, ఒక్కసారి కూర్చోవాలి. శనివారం మలయ్ పెళ్లి, ఆకుపచ్చ తోరణాలు, పెద్ద గిన్నెల్లో బిర్యానీ. వారం తిరక్కుండా అదే స్తంభాల మధ్య చైనీస్ తాతగారి అంతిమ కార్యం, తెల్లటి గుడారం, సాంబ్రాణి వాసన. లిఫ్టులో ఇద్దరూ కలుస్తారు. రూలు లేకుండా ఇది ఇలాగే ఉండేదా అంటే, అవునని నేను చెప్పలేను.

పీఆర్ (శాశ్వత నివాస హోదా) మీద ఉన్న తెలుగువాళ్లకు జల్లెడ ఒకటి కాదు, రెండు. మలేషియన్లు కాని పీఆర్ కుటుంబాలకు 2010 నుంచి విడిగా పరిమితి ఉంది: బ్లాకులో 8 శాతం, పేటలో 5. 2013 నుంచి పీఆర్ వచ్చాక మూడేళ్లు ఆగాకే రీసేల్ ఫ్లాట్ కొనాలి. కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్లేముందే బ్లాకు నంబరు అడిగి హెచ్‌డీబీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. లెక్కలు ప్రతినెలా ఒకటో తారీఖున మారతాయి. ఈ నెల నిండిన కోటాలో వచ్చే నెల ఒక ఖాళీ రావచ్చు.