డోపింగ్ నోటీసు వచ్చినంక ఒప్పుకోవాలా వద్దా: అపోహలు, వాస్తవాలు

నాడా (క్రీడల్లో నిషిద్ధ మందుల వాడకాన్ని పట్టుకునే జాతీయ సంస్థ) నుంచి లెటర్ వచ్చిన పిల్లలు ముందుగా అడిగేది ఒక్కటే: "ఒప్పుకుంటే ఖతమే కదా అన్నా?" హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియం ట్రాక్ మీద, కాజీపేట జిమ్ముల్లో దొరికే సలహా కూడా ఒక్కటే: "నాకేం తెల్వదని రాసెయ్. నిరూపించుకునుడు వాళ్ల పని." ఆ సలహా ఇచ్చినవాడికి పోయేదేమీ లేదు. నమ్మినవాడికి మాత్రం ఏడాది పోతుంది.

అపోహ: తెలియదంటే నాడానే నిరూపించాలి

నాడా నిరూపించాల్సింది ఆ పదార్థం మీ శాంపిల్‌లో ఉందని మాత్రమే. తీసిన నమూనాను ఎ, బి అని రెండు సీసాల్లో పెడతారు. ఎ శాంపిల్ పాజిటివ్ వచ్చి, బి శాంపిల్ వద్దని మీరు వదులుకున్నా, బి కూడా అదే చెప్పినా ఉల్లంఘన రుజువైనట్టే. ఎవరిచ్చారు, ఎందుకు తాగారు అన్నది శిక్ష ఎంతన్న దగ్గర పనికొస్తుంది, నేరం లేదనడానికి కాదు.

కాబట్టి లెటర్ చేతికి రాగానే ముందు చూడాల్సింది పదార్థం పేరు. స్టానోజోలాల్, నాండ్రోలోన్, మెథాండియెనోన్ లాంటి స్టెరాయిడ్లు, జిమ్ముల్లో తిరిగే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్ నాన్-స్పెసిఫైడ్ కిందికి, అంటే వేరే కారణంతో వాడారనడం కష్టమైన జాబితాలోకి వస్తాయి. వీటికి మామూలుగా 4 ఏళ్ల నిషేధం. కావాలని వాడలేదని మీరే రుజువు చేసుకోవాలి. మూత్రం ఎక్కువ పోయించే ఫ్యూరోసెమైడ్, దగ్గు సిరప్‌లలో ఉండే టెర్బుటలిన్ స్పెసిఫైడ్, అంటే ఆట కోసం కాకుండా వేరే కారణంతో వాడి ఉండే అవకాశం ఎక్కువున్నవి. ఇక్కడ కావాలని వాడారని నాడా చూపించాలి, లేకపోతే లెక్క 2 ఏళ్ల నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. 2021 ప్రపంచ డోపింగ్ నిరోధక కోడ్ ప్రకారం 4 ఏళ్లు లేదా అంతకంటే ఎక్కువ నిషేధం ప్రతిపాదించిన కేసులో, చార్జ్ నోటీసు అందిన 20 రోజుల్లోపు ఒప్పుకుంటే ఒక ఏడాది తగ్గే అవకాశం ఉంది. 4 కాస్తా 3 అవుతుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మొదట వచ్చేది పాజిటివ్ అని చెప్పే లెటర్: బి శాంపిల్ గడువు, తాత్కాలిక సస్పెన్షన్, వివరణ అందులో ఉంటాయి. చార్జ్ నోటీసు దాని తర్వాత వస్తుంది, 20 రోజుల లెక్క దానిది. జవాబులో రెండూ రాతపూర్వకంగా ఉండాలి: ఉల్లంఘనను ఒప్పుకుంటున్నా, ప్రతిపాదించిన శిక్షను అంగీకరిస్తున్నా. మొదటిది రాసి రెండోదాని మీద బేరానికి దిగితే తగ్గింపు రాదు. కోచ్‌కు ఫోన్‌లో చెప్పింది ఒప్పుకోలు కాదు. హియరింగ్ రోజు ఏడ్చి ఒప్పుకుంటే ప్యానెల్‌కు జాలి కలగొచ్చు, ఆ ఏడాది మాత్రం తిరిగి రాదు. అమ్మానాన్నలకు చెప్పలేక లెటర్ దాచిపెట్టే పిల్లల భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ దాచినా గడువు నడుస్తూనే ఉంటుంది.

అలాగని వచ్చిన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టొద్దు. సంతకం పెట్టి 3 ఏళ్లు తీసుకుంటే, ఆ శిక్షకు వేరే ఏ కారణంతోనూ ఇంకో తగ్గింపు ఉండదు. కల్తీ సప్లిమెంట్ అని నిజంగా చూపించగలిగితే శిక్ష హెచ్చరిక నుంచి 2 ఏళ్ల మధ్యకు దిగుతుంది. దానికి బిల్లు, బ్యాచ్ నంబర్, అదే బ్యాచ్‌లో సీల్ తీయని డబ్బా కావాలి. శాంపిల్ ఇచ్చేటప్పుడు ఫారంలో గత 7 రోజుల మందుల దగ్గర ఆ పేరు రాసి ఉండాలి. రాసినంత మాత్రాన తప్పు పోదు, రాయకపోతే మాత్రం తర్వాత మీ మాట నమ్మడం కష్టం.

అపోహ: పాత తేదీతో చీటీ రాయించుకుంటే బయటపడొచ్చు

దీనంత ఖరీదైన తెలివి ఇంకోటి లేదు. దొంగ ప్రిస్క్రిప్షన్ ట్యాంపరింగ్ కిందికి వస్తుంది. అది వేరే ఉల్లంఘన, దానికీ 4 ఏళ్ల దాకా పడుతుంది, అది కూడా మొదటి శిక్ష అయిపోయాకే మొదలవుతుంది. నిజమైన జబ్బు ఉంటే టీయూఈకి (వైద్యం కోసం నిషిద్ధ మందు వాడే అనుమతికి) దరఖాస్తు చేసే దారి ఉంది.

అపోహ: ఒప్పుకుంటే జైలే

మన 2022 జాతీయ డోపింగ్ నిరోధక చట్టంలో మందు వాడిన క్రీడాకారుడికి జైలు లేదు. అమెరికా పరుగుల క్రీడాకారిణి మారియన్ జోన్స్ పేరు చెప్పి భయపెడుతుంటారు. ఆమెకు 2008లో 6 నెలల జైలు పడింది ఫెడరల్ దర్యాప్తు అధికారులకు అబద్ధం చెప్పినందుకు. ఆ అబద్ధాల్లో ఒకటి స్టెరాయిడ్ల గురించి, ఇంకోటి చెక్కుల మోసం కేసు గురించి. సిడ్నీ ఒలింపిక్స్‌లో గెలిచిన 5 పతకాలు మాత్రం డోపింగ్‌తోనే పోయాయి.

అపోహ: ఎప్పుడు ఒప్పుకున్నా ఒకటే

అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2013 జనవరిలో టీవీలో ఒప్పుకున్నాడు. అప్పటికే 2012 ఆగస్టులో జీవితకాల నిషేధం పడింది, అది అలాగే ఉంది. అంతకుముందే సాక్ష్యం చెప్పిన అతని జట్టులోని పలువురికి పడింది 6 నెలలు. పరీక్షకు పిలుపు రాకముందే, వేరే ఆధారమేదీ లేనప్పుడు తనంతట తాను చెప్పినవాడికి శిక్ష సగం దాకా తగ్గొచ్చు. శాంపిల్ తీసుకునే అధికారి (డీసీఓ) గేటు దగ్గర కనిపించాక చెబితే అది వర్తించదు. ఒప్పుకుంటే పాత ఫలితాలూ పోవచ్చని తెలిసే చెప్పాలి. కెనడా పరుగుల వీరుడు బెన్ జాన్సన్ 1989 విచారణలో ఒప్పుకున్నాక 1987 నాటి 100 మీటర్ల 9.83 సెకన్ల రికార్డు కూడా తీసేశారు.

అపోహ: కోచ్ ఇచ్చాడంటే వదిలేస్తారు

వదలరు. కానీ మీ సమాచారంతో కోచ్ మీద కేసు నిలబడితే, మీ శిక్షలో నాలుగింట మూడు వంతుల దాకా నిలిపేయొచ్చు. ఉత్త పేరు చాలదు. వాట్సాప్ మెసేజ్‌లు, డబ్బు పంపిన రసీదులు, మందు సీసా (వయల్) ఫొటోలు చెరిపేయకండి.

మిగతావి గబగబా

ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ ఇన్హేలర్‌కు పరిమితి ఉంది: 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 దాటొద్దు. అదే మందు సిరప్‌గా తాగితే నిషిద్ధమే. ఆయుర్వేదం అని రాసి ఉన్న డబ్బాకు మినహాయింపేమీ లేదు.

నిషేధంలో ఉన్నప్పుడు ఒంటరిగా ఉరకొచ్చు. జట్టుతో ప్రాక్టీస్‌కు తిరిగి రావడం చివరి 2 నెలలు లేదా శిక్షలో చివరి పావు భాగం, రెండింట్లో ఏది తక్కువైతే అప్పుడే. సంక్రాంతి కబడ్డీ టోర్నీకి జిల్లా అసోసియేషన్ బ్యానర్ ఉంటే అందులో దిగొద్దు. దిగితే మొదటి శిక్షంత కాలం మళ్లీ కలపొచ్చు.