లైనక్స్ అప్‌గ్రేడ్ అయ్యాక కెమెరా ఎందుకు పలకదు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు ఉచిత సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత కంప్యూటర్లు హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు చిన్న ఫొటో స్టూడియోల్లో, ఇంజినీరింగ్ పిల్లల గదుల్లో ఇంకా ఉన్నాయి. తుక్కు కింద అమ్మేయడానికి మనసొప్పనివాళ్లు వాటిలో విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటున్నారు. మంచి పని. వేసిన కొత్తలో కెమెరా కూడా చక్కగానే కనిపిస్తుంది. చిక్కంతా ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కు మారినప్పుడు వస్తుంది. అదే కేబుల్, అదే కెమెరా, నిన్నటిదాకా బాగా పనిచేసినవే. ఇవ్వాళ పెడితే ఉలుకూ పలుకూ ఉండదు.

కేబుల్ పోయిందని కొత్తది కొంటారు. కెమెరా పోర్టు లూజైందని మెకానిక్ దగ్గరికి తీసుకుపోతారు. నేను చూసినంతవరకు, అప్‌గ్రేడ్‌కు ముందు పనిచేసి తర్వాత ఆగిపోతే లోపం కెమెరాలో ఉండటం అరుదు. కెమెరాను ముట్టుకునే హక్కు ఎవరిది అన్న ప్రశ్నకు లైనక్స్ ఈ పాతికేళ్లలో పలుమార్లు జవాబు మార్చుకుంది. పాత జవాబుల ముక్కలు మన కంప్యూటర్లోనే ఉండిపోతాయి. గొడవ అక్కడ మొదలవుతుంది.

కార్డు తీసి రీడర్‌లో పెడితే సరిపోదా అంటారు. పెండ్లి ఫొటోలకు సరిపోతుంది, నేనూ అదే చెప్తాను. కానీ కెమెరాను కంప్యూటర్‌కు కట్టి అక్కడినుంచే క్లిక్ చేయాల్సిన పనులున్నాయి. శాసనాల ఫొటోలే తీసుకోండి. హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం ఉంది. అలాంటి రాతిని ఎదురు వెలుతురులో తీస్తే అక్షరాలు చదునుగా కలిసిపోతాయి. దీపం పక్కనుంచి ఏటవాలుగా పడాలి, అప్పుడే అరిగిన గీతల అంచున నీడ తేలుతుంది. దీపాన్ని కాస్త జరిపి ఒక ఫొటో, ఇంకాస్త జరిపి మరొకటి తీస్తూ పోవాలి. తలకట్టు అరిగిపోయిందా, అసలు చెక్కనే లేదా అన్నది కెమెరా వెనకున్న అరచేతి తెర మీద తేలదు. ల్యాప్‌టాప్‌లో పెద్దగా చూడాలి, అక్కడికక్కడే చూడాలి. అనుమతి తీసుకుని, ట్రైపాడ్ బిగించి, అంతా సిద్ధం చేసుకున్నాక కెమెరా దొరకలేదని కంప్యూటర్ చెప్తే ఆ పూట పోయినట్టే.

ఇక చరిత్ర. యూఎస్‌బీ 1996లో వచ్చింది. లైనక్స్‌లో అది అందరికీ అందింది 2001 జనవరిలో విడుదలైన 2.4 కెర్నెల్‌తో. కెర్నెల్ అంటే లైనక్స్ గుండెకాయ లాంటి మూల ప్రోగ్రామ్. అప్పటి డిజిటల్ కెమెరాలు రెండు రకాలు. కొన్ని తమను తాము డిస్కుగా చూపించుకునేవి. పెన్‌డ్రైవ్‌లాగే తెరుచుకుంటాయి, లోపల డీసీఐఎం ఫోల్డర్ ఉంటుంది. వీటితో ఇబ్బంది తక్కువ, ఎందుకంటే డిస్కును చూసుకునే డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది. రెండో రకం కెమెరాలు ఏ కంపెనీకి ఆ కంపెనీ సొంత భాషలో మాట్లాడేవి. వాటన్నిటికీ ఉమ్మడిగా పీటీపీ అనే ప్రమాణం 2000లో వచ్చింది, 2005లో ఐఎస్ఓ 15740గా ఖాయమైంది. డీఎస్ఎల్ఆర్ కెమెరాలు క్రమంగా ఇటే వచ్చాయి.

అసలు మలుపు పీటీపీ దగ్గరే ఉంది. ఈ భాష మాట్లాడే డ్రైవర్ లైనక్స్ కెర్నెల్‌లో లేదు. ఆ పని చేసేది లిబ్‌జీఫొటో2 అనే లైబ్రరీ, అంటే మామూలు యూజర్ నడిపే ప్రోగ్రామే. డిజీక్యామ్, డార్క్‌టేబుల్, కమాండ్‌తో నడిచే జీఫొటో2, అన్నీ దాని మీదే ఆధారపడతాయి. అది నేరుగా యూఎస్‌బీ డివైస్ ఫైలును, అంటే తగిలించిన పరికరానికి గుర్తుగా లైనక్స్ పెట్టే ఫైలును తెరిచి కెమెరాతో మాట్లాడుతుంది. ఆ ఫైలు మొదట్లో సర్వాధికారాలున్న రూట్ అనే యూజర్‌కు తప్ప ఎవరికీ తెరుచుకునేది కాదు. అందుకని చాలామంది కమాండ్ ముందు సుడో పెట్టి, అంటే రూట్ హక్కుతో, ఫొటోలు దించుకున్నారు. ఫొటోలు దిగేవి, కానీ అవి రూట్ సొత్తుగా దిగేవి. ఫైలు బొమ్మ మీద తాళం గుర్తు పడేది. తీసిన మనిషే తన ఫొటోను దిద్దలేడు. కెమెరా దొరక్కపోతే సుడో పెట్టు అనే సలహా ఇప్పటికీ తిరుగుతోంది. పరీక్షకు ఒకసారి పెట్టి చూడటం వేరు, రోజూ అలాగే పనిచేయడం వేరు.

2003లో యూడెవ్ అనే ప్రోగ్రామ్ వచ్చింది. డివైస్ తగిలించగానే దాని గుర్తింపు నంబర్ చూసి, ఏ గ్రూపుకు హక్కు ఇవ్వాలో రూల్స్ ఫైలు ప్రకారం నిర్ణయిస్తుంది. డెబియన్ అనే లైనక్స్ రకంలో కొంతకాలం దీనికి కెమెరా అనే గ్రూపే ఉండేది, తర్వాత ప్లగ్‌డెవ్ గ్రూపు వచ్చింది. లిబ్‌జీఫొటో2కు తెలియని కొత్త కెమెరా అయితే రూలు మనమే రాసుకోవాలి. కెనాన్‌కు 04ఎ9, నికాన్‌కు 04బి0, సోనీకి 054సి అని కంపెనీ నంబర్ పెట్టి ఒక లైను రాస్తే పని జరిగేది. ఆ రోజుల్లో అది తప్పేమీ కాదు, ఉన్న దారి అదే.

ఆ లైన్లు ఈటీసీ అనే సెట్టింగుల ఫోల్డర్లో ఉంటాయి. ఈటీసీలో యూజర్ సొంతంగా రాసుకున్న ఫైలును అప్‌గ్రేడ్ ముట్టుకోదు, ముట్టుకోకూడదు కూడా. కానీ యూడెవ్ మారిపోయింది. డివైస్ గుణాన్ని పోల్చడానికి మొదట సిస్‌ఎఫ్‌ఎస్ అని రాసేవాళ్లు, తర్వాత దాన్ని ఏటీటీఆర్ఎస్ అని రాయాలన్నారు. కొన్నేళ్లు రెండూ చెల్లాయి. ఆ తర్వాత పాతది చెల్లకుండా పోయింది. లైను అక్కడే ఉంటుంది, యూడెవ్ దాన్ని పట్టించుకోదు. లాగ్‌లో ఎక్కడో ఒక హెచ్చరిక పడుతుంది, దాన్ని చూసేదెవరు?

దీనికన్నా మొండి చిక్కు ఇంకొకటి ఉంది. సిస్టమ్ ఇచ్చే రూల్స్ ఫైలు పేరుతోనే ఈటీసీలో ఇంకో ఫైలు ఉంటే, యూడెవ్ ఈటీసీలోనిదే చదువుతుంది, సిస్టమ్‌ది పక్కన పెడుతుంది. ఎప్పుడో అవసరపడి ఆ ఫైలును కాపీ చేసి ఒక లైను కలిపినవాళ్లు, ఆ తర్వాత ఎన్నిసార్లు అప్‌గ్రేడ్ చేసినా ఆనాటి జాబితాతోనే బతుకుతుంటారు. కొత్త కెమెరాల వివరాలు కంప్యూటర్లోకి వస్తూనే ఉంటాయి, వాడుకలోకి మాత్రం రావు.

ఇదే కాలంలో హాల్ అనే ఇంకో పొర వచ్చింది, వెళ్లిపోయింది. దాని గురించి ఇవ్వాళ బాధపడాల్సింది లేదు. నిలిచిన మార్పు వేరే. గ్రూపులో ఎవరున్నారన్నది కాకుండా, ఇప్పుడు కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నారన్నది చూసి హక్కు ఇచ్చే పద్ధతి వచ్చింది. మొదట కన్సోల్‌కిట్ ఆ లెక్క చూసేది, ఆ తర్వాత సిస్టమ్ సేవలను నడిపే సిస్టమ్‌డీలోని లాగిన్‌డీ. యూడెవ్ కూడా 2012లో సిస్టమ్‌డీలో కలిసింది. కెమెరాకు యూయాక్సెస్ అనే ట్యాగ్ పడితే చాలు, తెర ముందు లాగినైన మనిషికి హక్కు దానంతటదే వస్తుంది. స్టూడియోలో ఇద్దరు ముగ్గురు ఒకే కంప్యూటర్ వాడే చోట ఇది నిజంగా మేలైన ఏర్పాటు. అయితే యూడెవ్ రూల్స్ ఫైళ్లను పేరు ముందున్న నంబర్ వరసలో చదువుతుంది. ఈ ట్యాగ్ చూసి హక్కు ఇచ్చే ఫైలు నంబర్ 73. సొంత రూలు అన్నిటికన్నా చివర ఉండాలని 99 నంబర్ పెట్టడం పాత అలవాటు. 99లో యూయాక్సెస్ రాస్తే ఆ బస్సు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. లైనులో అక్షరం తప్పుండదు, ఫలితమూ ఉండదు. ఫైలు పేరును 70తో మొదలుపెడితే పనిచేస్తుంది.

కంప్యూటర్‌కు కెమెరా కనిపిస్తూనే చేతికి చిక్కకపోవడం ఇంకో కథ. లైనక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటైన గ్నోమ్ 2008లో జీవీఎఫ్ఎస్ అనే ఫైళ్ల ఏర్పాటుకు మారింది. కెమెరా పెట్టగానే అది ముందే వెళ్లి పట్టుకుని ఫైల్ మేనేజర్లో ఫోల్డర్‌గా చూపిస్తుంది. ఫొటోలు దించుకునేవాళ్లకు సుఖమే. కానీ పీటీపీ కెమెరాను ఒకసారికి ఒక్క ప్రోగ్రామే పట్టుకోగలదు. జీఫొటో2తో క్లిక్ చేయబోతే మైనస్ 53 నంబర్‌తో, యూఎస్‌బీ డివైస్‌ను క్లెయిమ్ చేయలేకపోయానని ఎర్రర్ వస్తుంది. జీవీఎఫ్ఎస్ భాగాలు లేని తేలిక డెస్క్‌టాప్ వాడుతున్నవాళ్లకు అప్‌గ్రేడ్‌తో అవి వచ్చి చేరితే, అంతకుముందు ఎన్నడూ చూడని ఈ ఎర్రర్ హఠాత్తుగా ఎదురవుతుంది. ఫైల్ మేనేజర్లో కెమెరాను అన్‌మౌంట్ చేస్తే పట్టు వదులుతుంది. ఇటీవల స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ రూపంలో, మిగతా సిస్టమ్‌కు వేరుగా మూటగట్టి వచ్చే ప్రోగ్రాములకు మరో గోడ కూడా ఉంది. యూఎస్‌బీ అనుమతి విడిగా ఇస్తే తప్ప అవి కెమెరాను చూడలేవు.

కార్డుల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. 64 జీబీ, ఆపై కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌తో వస్తాయి. దాని డ్రైవర్ 2019 చివర్లో 5.4 కెర్నెల్‌లోకి వచ్చింది, మెరుగైనది 2020లో 5.7లో చేరింది. ఈ ఒక్క విషయంలో అప్‌గ్రేడ్ మేలే చేసింది.

కాబట్టి వెతకాల్సిన వరుస ఇది. ముందు ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్, తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా ఇస్తుంది. అందులో కెమెరా పేరు లేకపోతే అప్పుడు కేబుల్‌ను అనుమానించండి, లేదా కెమెరా మెనూలో యూఎస్‌బీ మోడ్ చూడండి. సోనీ కెమెరాల్లో మాస్ స్టోరేజ్, ఎంటీపీ, పీసీ రిమోట్ అని విడివిడిగా ఉంటాయి, కంప్యూటర్ నుంచి క్లిక్ చేయాలంటే చివరిదే కావాలి. పేరు ఉంటే, బస్ నంబర్, డివైస్ నంబర్ పట్టుకుని ఆ డివైస్ ఫైలు అనుమతులు చూడండి. అనుమతుల వరస చివర ప్లస్ గుర్తు ఉండి, అనుమతులు ఎవరెవరికో చూపే గెట్‌ఎఫ్‌ఎసీఎల్ (getfacl) కమాండ్‌లో మీ పేరు కనిపిస్తే హక్కు ఉన్నట్టే. అప్పుడు వెతకాల్సింది కెమెరాను ఇంకెవరు పట్టుకున్నారని. ప్లస్ లేకపోతే ఈటీసీలోని యూడెవ్ రూల్స్ ఫోల్డర్ తెరిచి, పాత ఫైళ్లను చెరిపేయకుండా వేరే చోటికి జరిపి, రూల్స్ మళ్లీ చదివించి, కెమెరా తీసి పెట్టండి.

తెర లేకుండా నడిచే చిన్న కంప్యూటర్‌కు కెమెరా కట్టి, గదిలోంచి ఎస్ఎస్‌హెచ్ అనే దూరపు లాగిన్‌తో టైమ్‌ల్యాప్స్ తీసే విద్యార్థులకు మాత్రం యూయాక్సెస్ పనికిరాదు. దూరం నుంచి వచ్చిన లాగిన్‌ను ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషిగా లాగిన్‌డీ లెక్కించదు. అక్కడ ప్లగ్‌డెవ్ గ్రూపుకు హక్కు ఇచ్చే పాత తరహా రూలే రాసుకోవాలి. రాసేటప్పుడు ఏటీటీఆర్ఎస్ అని రాయండి, ఏ కెమెరా కోసం, ఏ తేదీన రాశారో పైన ఒక కామెంట్ లైను పెట్టండి.