బోర్డు మీద రాస్తే చెల్లుతుందా?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

విజయనగరంలో సిరిమాను సంబరం నాడు కొన్న టార్చిలైటు మర్నాటికే ఆరిపోయిందని, తిరిగి ఇవ్వబోతే కొట్టాయన గోడ మీది బోర్డు చూపించాడని రాశారు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంటే ఇక చేసేదేమీ లేదా అని అడిగారు. ఎందుకు లేదు?

మా వీధిలో సంచీ నిండా గోళీలున్న కుర్రాడొకడు ఉండేవాడు. ఆట మొదలవకముందే ‘నా గోళీకి తగిలినా చెల్లదు’ అని చాటేవాడు. వాడు చాటితే సరా? ఆటకు నియమాలు వాడు పుట్టకముందే ఉన్నాయి. బోర్డు సంగతీ అంతే. వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది, 2019లో దాని స్థానంలో కొత్తది చేశారు. పాడైన వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వాలి. కాదనడం అక్రమమని చట్టమే చెబుతోంది. రంగు నచ్చలేదంటే మాత్రం కుదరదు. గురి తప్పినవాడు మళ్లీ వేస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు?

గీత గీయకుండా గోళీలాడితే తగవు తెగదు. బిల్లే ఆ గీత. అడిగి తీసుకోండి, ఇవ్వకపోవడమూ చట్టం ప్రకారం తప్పే. ఇక తగవు తీర్చే పెద్దమనిషి జిల్లా వినియోగదారుల కమిషన్. శ్రీకాకుళంలోనూ ఉంది, విజయనగరంలోనూ ఉంది. రెండేళ్లలోగా వెళ్లాలి. వస్తువు ఖరీదు 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, వకీలు లేకుండా మీ నాన్నే మాట్లాడుకోవచ్చు. దానికన్నా ముందు వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేస్తే చాలాసార్లు పని జరుగుతుంది. మా గోళీలాటకు ఇంతటి పెద్దమనిషి దొరకనే లేదు!

మా నాయనమ్మకు ఈ చట్టాలేవీ తెలియవు. సంతలో చింతపండు తూచేముందు ఇనుప తూనికరాయిని తిరగేసేది. అడుగున గుంటలో పోసిన సీసం, దాని మీద సర్కారు ముద్ర. బొటనవేలితో ఆ ముద్రను తడిమాకే బేరం. సీసం తవ్వేస్తే రాయి తేలికవుతుంది, మన చింతపండు తగ్గుతుంది. అమ్మేవాడు విసుక్కునేవాడు. ఆవిడ నవ్వేది గానీ రాయి వదిలేది కాదు. మీరూ అలాగే అడగండి, గొంతు పెంచకుండా.

ఈ సాయంత్రం వంటింట్లో బిస్కెట్ పొట్లం ఒకటి తిరగేసి చూడండి. నికర బరువు, పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర, తయారైన నెల, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. శీతల పానీయం సీసా మీద కూడా వెతకండి. చల్లబరిచినందుకని ఆ ధర మీద రూపాయి కూడా ఎక్కువ అడగకూడదు. ఏది కనిపించలేదో నాకు రాయండి.

మీ తాతయ్య